పదిహేను యూరోల సగ్గుబియ్యం జాడీ

జర్మనీలో తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు గాని, వంటగది కొనమని ఇచ్చిన డబ్బుతో ఆస్ట్రేలియా జాడీలు కొన్న ఘనురాలిని మాత్రం నేనొక్కదాన్నే. ఈ రికార్డు ఎవరూ బద్దలు కొట్టలేరు. కొట్టడానికి ఎవరైనా బయల్దేరారని తెలిస్తే నా ఖర్చుతో రైలెక్కి వచ్చి, కాళ్లు పట్టుకుని ఆపుతాను. ఎందుకు ఆపుతానో చదవండి. చదివాక నవ్వుకోండి, నాకు అలవాటైపోయింది.

ముందు జర్మనీ ఇళ్ల సంగతి చెప్పాలి. ఇక్కడ అద్దె ఇల్లంటే చాలాచోట్ల గోడలు, తలుపులు, కిటికీలు. అంతే. వంటగది అని పేరున్న గది ఒకటి ఉంటుంది. అందులో గోడలోంచి తొంగిచూసే నీళ్ల గొట్టం, నాలుగు కరెంటు వైర్లు, మనకంటే ముందున్నవాళ్లు తమ గూళ్లు ఊడదీసుకెళ్లిన మేకుల గుర్తులు ఉంటాయి. సింకు దగ్గర్నుంచి మనమే కొనుక్కోవాలి. కొన్నాక బిగించే మనుషుల టెర్మిన్ కోసం, అంటే వాళ్లు వస్తామని ఇచ్చే తేదీ కోసం, నెలల తరబడి ఎదురుచూడాలి. పెళ్లి ముహూర్తమైనా ముందుకు జరుగుతుందేమో, జర్మనీలో టెర్మిన్ జరగదు.

మా ఆయన మురళిది వోల్ఫ్స్‌బర్గ్‌లో కార్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కొత్త ఫ్లాట్‌లోకి మారినప్పుడు వంటగది బేరం నాకే వదిలేశారు. వదలక ఏం చేస్తారు? తెనాలిలో మా నాన్నది స్టీలు, పింగాణీ సామాన్ల కొట్టు. పెదనాన్నది బట్టల కొట్టు, మేనమామది కిరాణా. నాకు అక్షరాలకంటే ముందు బేరం వచ్చింది. వంటగది షాపతని చేత కుళాయి ఉచితంగా ఇప్పించాను. అతను ఆ రోజు సాయంత్రం ఉద్యోగం మానేయాలనుకున్నాడని నా అనుమానం. అడ్వాన్సు కట్టాం. మిగతా రెండువేల ఆరువందల యూరోలు బిగించే రోజున కట్టాలి. ఆ టెర్మిన్ నవంబరులో. డబ్బు మాత్రం ఆగస్టు నుంచే నా ఖాతాలో ఉంది.

అదీ అసలు తప్పు. కొట్లవాళ్ల ఇంట్లో పుట్టినదాని దగ్గర మూడు నెలలు డబ్బు ఊరికే ఉంచకూడదు. మా నాన్నకి గల్లాపెట్టెలో డబ్బు కదలకుండా పడుంటే ఇంట్లో ఎవరికో జ్వరమొచ్చినంత దిగులు. నాకూ అంతే. ఇస్త్రీ బల్ల మీద కరెంటు స్టవ్వు పెట్టి వండుతూ, స్నానాల తొట్టిలో గిన్నెలు తోముతూ, పొద్దున్నా సాయంత్రం ఆ డబ్బు గురించే బెంగపడేదాన్ని.

"పద్మా, రాత్రి సాంబారు గిన్నె తోమాక తొట్టి సరిగ్గా కడిగావా?" అన్నారు మురళి ఒకరోజు ఆఫీసు నుంచి వస్తూనే.

"కడిగానండీ. ఏం?"

"మీటింగ్‌లో నా పక్కనున్న మార్టిన్ కుర్చీ జరుపుకున్నాడు. నా దగ్గర ఇంగువ వాసనొస్తోందట."

"నవంబరు దాకా ఓపిక పట్టమనండి."

"వాణ్ణా, నన్నా?"

ఇలా ఉండగా ఒక ఆదివారం సూపర్ మార్కెట్ కార్ల పార్కింగ్‌లో జరిగే ఫ్లోమార్క్ట్‌కి వెళ్లాను. ఇంట్లో పనికిరానివన్నీ తెచ్చి బల్లల మీద పరిచి అమ్ముకునే సంత అది. అక్కడ ఒక జాడీ కనిపించింది. కింద బెల్లం రంగు, పైన మీగడ రంగు, మధ్యలో పసుపు పచ్చని పూలగుత్తులు. అచ్చం మన తుమ్మపూలు! మూత మీద లావుపాటి లకుముకి పిట్ట ఒకటి కూర్చుని, లోపల ఏముందో నాకే తెలుసు అన్నట్టు చూస్తోంది. పొట్ట మీద ఇంగ్లీషులో టీ అని రాసుంది. పన్నెండన్నాడు, ఏడుకి తెచ్చాను.

మెల్‌బోర్న్‌లో ఉండే మా పిన్ని కూతురు లావణ్యకి వీడియో కాల్‌లో చూపిస్తే అది కుర్చీలోంచి లేచి నిలబడింది.

"అక్కా! అది ఇక్కడిది. పాతకాలం నాటిది. మా వీధిలో పాత సామాన్ల షాపావిడ అచ్చం ఇవే వెతుకుతోంది. ఆరు జాడీల సెట్టు అది. పిండి, పంచదార, బియ్యం, కాఫీ, టీ, సగ్గుబియ్యం."

"సగ్గుబియ్యానికి కూడా జాడీయా? ఆస్ట్రేలియావాళ్లు మనవాళ్లేనే!"

"నవ్వకు, విను. ఆరూ ఉంటే మీ లెక్కలో రెండువేల రెండొందల యూరోలిస్తానంటోంది. ఐదే ఉంటే మాత్రం ఊరికే ఇచ్చినా వద్దంటోంది."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వెయ్యి చిల్లర పెట్టుబడి పెడితే రెట్టింపు. ఆ లాభంతో వంటగదిలోకి ఇంకో గూడు, డిష్‌వాషర్‌కి పెద్ద మోడల్. పొద్దున్నే మురళికి చెప్పాను. ఆయన కాఫీ కప్పు పట్టుకుని ఇస్త్రీ బల్లకేసి చాలాసేపు చూశారు.

"అంటే, వంటగది లేని ఇంట్లోకి వంటసామాను కొంటావు."

"కొని అమ్ముతాను."

"వంటగది డబ్బుతో."

"నవంబరు లోపల వెనక్కి పెట్టేస్తాగా!"

"పెట్టకపోతే?"

"ఏవండీ, నేను ఎవరి కూతుర్ని?"

ఆయన కాఫీ కప్పు తొట్టిలో పెట్టి ఆఫీసుకెళ్లిపోయారు. పెళ్లైన కొత్తలో అయితే దాన్ని ఒప్పుకోవడం అనుకునేదాన్ని.

ఇక నా దండయాత్ర మొదలైంది. ఒకప్పుడు ఆస్ట్రేలియా వెళ్లి, కొన్నేళ్లుండి, సామాను సర్దుకుని తిరిగొచ్చేసిన జర్మన్లు అక్కడక్కడా ఉన్నారు. వాళ్ల అటకల మీద ఈ జాడీలున్నాయి. పాత సామాన్లు అమ్ముకునే యాప్‌లో వెతికి వెతికి, పిండి జాడీ కోసం హైడెల్‌బర్గ్ వెళ్లాను. బియ్యం జాడీ కోసం ఎక్కడో కిందనున్న డెగ్గెన్‌డార్ఫ్ దాకా వెళ్లాను. వెళ్తే అది మూత లేనిది. మూత కోసం ఇంకో ఊరు. రైళ్లు ఆలస్యమైన స్టేషన్లలో లకుముకి పిట్టని ఒళ్లో పెట్టుకుని, శాలువా కప్పి కూర్చుంటే, ఒక పెద్దావిడ వంగి చూసి, "బాబా, పాపా?" అని అడిగింది. "పంచదార" అన్నాను.

అక్టోబరు వచ్చేసరికి ఐదు జాడీలు చేతికొచ్చాయి. రైలు ఖర్చులతో కలిపి వంటగది డబ్బులో పదకొండు వందలు హరించుకుపోయాయి. ఆరోదైన సగ్గుబియ్యం జాడీ మాత్రం భూమ్మీద ఎక్కడా లేదు. టెర్మిన్‌కి నెల ఉంది. ఆ రోజు డబ్బు తక్కువైతే మనుషులు వచ్చిన బండిలోనే వంటగదితో సహా వెనక్కి పోతారు. మళ్లీ టెర్మిన్ ఫిబ్రవరిలోనే అని ముందే చెప్పారు. ఫిబ్రవరి దాకా తొట్టిలో గిన్నెలు! తలచుకుంటేనే మోకాళ్లు నొప్పి పుట్టేవి. బియ్యం కడుగుతూ ఏడ్చిన రోజులున్నాయి. ఆ నీళ్లూ తొట్టిలోకే పోయేవి కాబట్టి ఎవరికీ తెలియలేదు.

అప్పుడు, అదే సంతలో, ఒక చివరి బల్ల మీద కనిపించింది. బెల్లం రంగు, తుమ్మపూలు, లకుముకి పిట్ట. పొట్ట మీద సాగో, అంటే సగ్గుబియ్యం, అని ఇంగ్లీషు అక్షరాలు. నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే పక్క బల్ల మీది గ్లాసులు మోగాయేమో అనుకున్నాను.

బల్ల వెనక ఫ్రౌ లిండ్నర్ అని ఒక పెద్దావిడ. ఫ్రౌ అంటే ఇక్కడ శ్రీమతి. తెల్ల జుట్టు, నీలం స్వెట్టరు. ఆవిడ వెనకాల మడత కుర్చీలో ఆవిడ భర్త హైన్రిష్ గారు, ఫ్లాస్కులోంచి టీ పోసుకుంటున్నారు.

"ఇదెంత?" అన్నాను, ఆవలింత నటిస్తూ.

"పదిహేను యూరోలు."

పదిహేను! మిగతా ఐదింటిలో ఒక్కో దానికి ఎంత పెట్టానో తలచుకుంటే అక్కడే కూర్చుని నవ్వాలో ఏడవాలో తేల్చుకోవాల్సింది. పాఠకులారా, మీరైతే ఏం చేస్తారు? జేబులోంచి పదిహేను తీసి ఇచ్చి, జాడీ చంకలో పెట్టుకుని పరుగెత్తుతారు. మీరు సుఖంగా పెరిగారు. మా నాన్న కొట్టులో పెరిగినదానికి ఆ భాగ్యం లేదు. అడిగిన ధర అడిగినట్టు ఇచ్చేస్తే ఆ రాత్రి తిన్న అన్నం అరగదు నాకు. ఎనిమిదికి తేవాలి. ఏడు యూరోలు తగ్గించాలి. అంతే.

మా కొట్టులో నేర్చుకున్న విద్య ఒకటుంది. నచ్చిన వస్తువుని మెచ్చుకోకూడదు, వంకలు పెట్టాలి. కొట్టుకొచ్చే ఆడవాళ్లు పెట్టే వంకలకి మా నాన్న చిన్నబుచ్చుకున్న ముఖం పెట్టేవాడు, వాళ్లు ఇంకో వంక పెట్టేవాళ్లు, ఆయన పది తగ్గించేవాడు, ఇద్దరూ తృప్తిగా ఇళ్లకెళ్లేవాళ్లు. ఇది నాటకమని రెండువైపులా తెలుసు. ఫ్లోమార్క్ట్‌లో రోజూ వ్యాపారం చేసేవాళ్లకీ తెలుసు. ఫ్రౌ లిండ్నర్ వ్యాపారి కాదు. తన అలమరా తను ఖాళీ చేసుకుంటున్న మనిషి. ఆ తేడా నేను గమనించలేదు.

జాడీ ఎత్తి, తిప్పి, వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, పెదవి విరిచాను.

"ఇది నిజంగా ఆస్ట్రేలియాదేనా?"

"అవును. అడిలైడ్‌లో ఉన్నప్పుడు మా పెళ్లికి హైన్రిష్ కొన్నాడు. సెట్టులో ఇదొక్కటే మిగిలింది."

"ఈ మధ్య నకళ్లు బాగా వస్తున్నాయి."

ఆవిడ ముఖం మారింది. నాటకం రక్తి కడుతోందనుకున్నాను.

"నకలా? మాకు తెలియదే."

"చూడండి, పైపూత మీద వెంట్రుకంత పగుళ్లు. ఇలాంటి రంగుల్లో సీసం కలుస్తుంది. పగుళ్లలోంచి తిండిలోకి దిగుతుంది." ఈ ముక్క ఎక్కడ చదివానో నాకే గుర్తులేదు. "ఒంటికి మంచిది కాదు. సరే, అయినా ఎనిమిదికి..."

వెనకాల కప్పు కింద పెట్టిన చప్పుడైంది. హైన్రిష్ గారు మడత కుర్చీలోంచి మెల్లగా లేచారు.

"ఎల్కే," అన్నారు భార్యతో. "మనం ప్రతి ఆదివారం ఇందులోంచే సగ్గుబియ్యం పాయసం చేసుకుంటాం."

"యాభై ఏళ్లుగా," అంది ఆవిడ. ఆ గొంతు విని జాడీ మీంచి వేలు తీసేశాను.

"అబ్బే, మరీ అంత కాదులెండి," అన్నాను. "కొంచెమే. ఎనిమిదిస్తాను."

ఫ్రౌ లిండ్నర్ జాడీని నా చేతుల్లోంచి తీసుకుని బల్ల కింద పెట్టేసింది.

"లేదమ్మా. హాని చేసే వస్తువు నేను మీకు అమ్మలేను."

"పరవాలేదు, నేను అందులో ఏమీ తినను!"

"మీ పిల్లలు తినొచ్చు."

"నాకు పిల్లల్లేరు!"

"ఎవరైనా చుట్టాలు."

"పదిహేనుకే తీసుకుంటాను!"

"వద్దు."

"ముప్పై!"

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "మా మనసు కష్టపడుతుందని ఇలా అంటున్నారు కదూ? ఎంత మంచివారు!"

"కాదండీ! నూరు! నూరు యూరోలు!"

"చూశావా హైన్రిష్? ముక్కూ మొహం తెలియని మనకి డబ్బిచ్చి ఓదార్చాలని చూస్తోంది ఈ అమ్మాయి."

బేరంలో కొనేవాళ్లు ధర పెంచుతుంటే అమ్మేవాళ్లు ఏడుస్తూ వద్దనడం మా వంశంలో ఎవరూ చూసుండరు. నేను ఎంత పెంచితే ఆవిడ నన్ను అంత మంచిదాన్ని చేసేసింది. నూట యాభై దగ్గరకొచ్చేసరికి దాదాపు దేవతనైపోయాను. చివరికి నా ఫోన్ నంబరు రాసుకుని, "దీన్ని ల్యాబ్‌లో పరీక్ష చేయిస్తాం. ఫలితం రాగానే మీకే మొదట చెప్తాం," అని పంపించింది.

ఇంటికొచ్చి జరిగింది చెప్పాను. మురళి ఇస్త్రీ బల్ల మీద దోసె తిప్పుతున్నారు. దోసె మాడింది, ఆయన చూడలేదు.

"పదిహేను యూరోలకి ఇస్తానంది."

"ఊ."

"నీ దగ్గర డబ్బుంది."

"ఊ."

"తీసుకుని రాకుండా, ఆ ముసలాయన యాభై ఏళ్లుగా విషం తింటున్నాడని చెప్పొచ్చావు."

"అలా అనలేదండీ. ఒంటికి మంచిది కాదన్నానంతే."

ఆయన స్టవ్వు ఆపేశారు. "ఆ పెద్దాయన ఇవాళ నిద్రపోతాడంటావా?"

ఆయన తిట్టుంటే బాగుండేది. ఆ ప్రశ్నతో నా నిద్ర కూడా ఎగిరిపోయింది. వంటగది ఒకవైపు, హైన్రిష్ గారి ముఖం ఒకవైపు. కళ్లు మూస్తే లకుముకి పిట్ట వచ్చి ఛాతీ మీద కూర్చునేది. ఫోన్ చేసి నిజం చెప్పేద్దామంటే వాళ్ల నంబరు నేను తీసుకోలేదు. తరవాతి ఆదివారం సంతకి వెళ్తే వాళ్ల బల్ల లేదు. ఆయనకి ఏమైనా అయిందేమోనని ఇంటిదాకా దేవుళ్లకి మొక్కుకుంటూ వచ్చాను. ల్యాబ్ నుంచి ఫలితం రావడానికి రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాల్లో నేను సగ్గుబియ్యం మాట ఎత్తితే మురళి గది మారేవారు.

చివరికి ఫ్రౌ లిండ్నర్ ఫోన్ చేసింది. గొంతులో పండగ! "ఆదివారం కాఫీకి రండి. మీ ఆయన్నీ తీసుకురండి." వంటగది టెర్మిన్ ఆ వచ్చే మంగళవారం. బ్యాంకులోంచి రెండు వందలు తీసి పర్సులో పెట్టుకున్నాను. దారిలో ఐదు యూరోలకి కేకు కొన్నాను. ఈసారి ఎంత అడిగితే అంత. నోరెత్తనని మురళికి మాటిచ్చాను.

వాళ్లింట్లో బల్ల మీద తెల్ల గుడ్డ, పువ్వులు, కప్పులు, మధ్యలో జాడీ. హైన్రిష్ గారు గులాబీ రంగులో నిగనిగలాడుతున్నారు. నా ప్రాణం లేచొచ్చింది.

"సీసం లేదు!" అంది ఫ్రౌ లిండ్నర్, నన్ను కౌగిలించుకుని. "ఏ దోషమూ లేదు. హైన్రిష్ రక్తపరీక్ష కూడా చేయించుకున్నాడు, డాక్టరు ముప్పై ఏళ్లవాడి రక్తం అన్నాడు. అంతా మీ చలవే. తన నష్టం చూసుకోకుండా అమ్మేవాళ్లని హెచ్చరించిన మనిషిని మేం ఎప్పుడూ చూడలేదు. అందుకే ఈ జాడీ మీకు మా కానుక."

కానుక! ఉచితం! మా నాన్న జీవితంలో సాధించలేని ధర! రెండు చేతులా జాడీ ఎత్తుకున్నాను. ఎత్తాక, మూత తీసి లోపలికి చూశాను. అడుగున గుండ్రంగా, నా బొటనవేలంత, వెలుతురు కనిపించింది.

"ఇదేంటి?" అన్నాను. కింద నుంచి వేలు పెడితే లోపలికి దూరింది.

"ల్యాబ్‌వాళ్లు ముక్క కావాలన్నారు," అన్నారు హైన్రిష్ గారు గర్వంగా. "నేనే డ్రిల్లింగ్ చేశాను. ఎంత నున్నగా వచ్చిందో చూడండి. ఒక్క బీట లేదు."

రెండువేల రెండొందల యూరోలు ఆ చిల్లులోంచి జారిపోవడం నేను కళ్లారా చూశాను. వంటగది జారిపోయింది. డిష్‌వాషర్ జారిపోయింది. చిల్లుకి అవతల మురళి ముఖం కనిపించింది. ఆయన నవ్వడం లేదు, అలాగని కోపంగానూ లేరు. ఆ పెద్దాయన్ని చూపించి, ఇక చెప్పేయ్ అన్నట్టు తలూపారు.

చెప్పేశాను. సీసం సంగతి నాకేమీ తెలియదని, జాడీ మొదటిసారి చూసినప్పుడే ప్రాణం లేచొచ్చిందని, ఏడు యూరోలు తగ్గించడానికి అవన్నీ అన్నానని, అది మా ఊళ్లో అందరూ ఆడే నాటకమని, ఆయన రెండు వారాలు భయపడ్డారని తలచుకుంటే నాకు అన్నం దిగలేదని.

హైన్రిష్ గారు జాడీ కేసి, నా కేసి మార్చి మార్చి చూశారు.

ఫ్రౌ లిండ్నర్ కప్పు కింద పెట్టింది. జాడీని నా చేతుల్లోంచి తీసుకుని బల్ల మీద తన వైపుకి జరుపుకుంది. చెయ్యి చాపింది.

"అయితే పదిహేను యూరోలు."

హైన్రిష్ గారు లేచి, సొరుగు తీసి, ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టారు. "ల్యాబ్ బిల్లు నూట అరవై."

పర్సు తీశాను. తీశాను గాని, ఏం చెయ్యను, రక్తం అలాంటిది. నోరు దానంతటదే తెరుచుకుంది. "చిల్లున్న జాడీ కదండీ, పదికి..."

బల్ల కింద మురళి నా కాలు తొక్కారు. పెళ్లైనప్పట్నుంచి ఆయన నన్ను తొక్కడం అదే మొదలు. పదిహేనూ, నూట అరవైయ్యీ లెక్కపెట్టి ఇచ్చాను. అప్పుడు ఫ్రౌ లిండ్నర్ పక్కకి తిరిగి భుజాలు కుదుపుకుంది. ఏడుస్తోందనుకుని భయపడ్డాను. నవ్వుతోంది. ఆవిడ్ని చూసి హైన్రిష్ గారు, ఆయన్ని చూసి మురళి. నేను కేకు తిన్నాను. ఎలాగూ నేను కొన్నదే.

లావణ్యకి ఫోన్ చేస్తే, "చిల్లుదా? ఆవిడ ఫోటో కూడా చూడనంటోందక్కా," అంది. మంగళవారం వంటగది వచ్చింది. డబ్బు చాలక ముందురోజే షాపతన్ని బతిమాలి డిష్‌వాషర్, పై గూళ్లు వద్దన్నాం. డిష్‌వాషర్ పట్టాల్సిన ఖాళీలో ఆరు జాడీలూ వరసగా కూర్చున్నాయి. సగ్గుబియ్యం దాంట్లో కరివేపాకు మొక్క పెట్టాను. వోల్ఫ్స్‌బర్గ్‌లో ఎవరింట్లోనూ బతకని కరివేపాకు అందులో ఏపుగా పెరుగుతోంది. నీళ్లు నిలవవు కదా, అందుకని.

ఇక మీదట, ఆరు లకుముకి పిట్టల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నచ్చిన వస్తువుకి వంక పెట్టను. అడిగినంత ఇస్తాను. అన్నం అరక్కపోతే వాము తింటాను.

లెక్క కూడా దాచుకోకుండా చెప్తాను. జాడీలు, రైళ్లు పదకొండు వందలు. ల్యాబ్ నూట అరవై. కేకు ఐదు. సగ్గుబియ్యం జాడీ పదిహేను. వెరసి పన్నెండు వందల ఎనభై యూరోలు. ఇదంతా ఏడు యూరోలు తగ్గించడానికి. ఒక్క యూరో కూడా తగ్గలేదు.

ఆ ఆదివారం వాళ్ల తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటుంటే హైన్రిష్ గారు నా భుజం తట్టి అన్న మాట కూడా ఈ లెక్కలో రాయాలి. "చిల్లు పెట్టిన కూలి మాత్రం వద్దులెండి, అది ఉచితం," అన్నారు.